తాంబూలం తీసుకున్న వీధి

పొదటూరుపేటలో ఎవురింటికైనా చుట్టాలొస్తే మొదట అడిగేది కాఫీ కాదు, కలర్. కలరంటే రంగు సోడా. "కలర్ తాగతారా?" అంటాము. వచ్చినోళ్ళు "అబ్బే, ఇప్పుడెందుకు, వద్దొద్దు" అంటారు. వద్దన్నారు గదా అని మనం ఊరుకున్నామనుకోండి, అయిపోయినాది మన పని! "ఒక కలర్ కూడా కొనియ్యలేదు, ఏం మనుషులో" అని ఆరంబాక్కం దాకా చాటింపు వేస్తారు. పెండ్లిచూపులకు కలర్, సీమంతానికి కలర్, చావింటికి పోయినా పదో దినం తర్వాత కలర్. అంత మర్యాద ఉండాది దాంట్లో.

పొన్నమ్మ ఇంట్లో మాత్రం కలరంటే గోలీ సీసా కలరే. బొటనవేలితో గోలీని లోపలికి నొక్కితే టప్పుమని సప్పుడొచ్చి, గ్యాసు ముక్కులోకెక్కి, కండ్లల్లో నీళ్ళు తిరిగి, పెద్దగా ఒక తేన్పు వస్తే గానీ ఆమె చుట్టాన్ని వదిలిపెట్టదు. ఆ సీసాలు నింపేది తణికైవేలు. వాళ్ళ నాయన కాలం నుంచి బస్టాండు వెనక సందులో రేకుల కొట్టం వాళ్ళది. పైన బోర్డు మీద పెద్దక్షరాల్లో ‘సోడా కంపెనీ’ అని ఉండాది. లోపల చూస్తే ఒక చేతిమిషను, ఒక గ్యాసు సిలిండరు, తణికైవేలు, వాడి పెండ్లాం కోకిల. అంతే కంపెనీ.

పొన్నమ్మ బడిలో పిల్లకాయలకు మధ్యాన్నం అన్నం వండుతాది. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆమె వీధి కొసన మాట్లాడితే ఈ కొసన ఉండే కోళ్ళు లేస్తాయి. ఆమెకు ఒకటే చట్టం. ‘చేసినోడి చేతికే దుడ్డు పోవాల.’ నూనె కావాలంటే గానుగ దగ్గరికి నడిచిపోతాది. చెప్పు తెగితే కుట్టేవాడి దగ్గర కుట్టిచ్చుకుంటాది, కొత్తది కావాలన్నా వాడి చేతనే చేయించుకుంటాది. శీకాయ పొడి, అప్పడాలు, చీపుర్లు, అన్నీ అట్లే. సూపర్ మార్కెట్టు వచ్చి ఎన్నేండ్లో అయినాది, ఆమె కాలు ఇంకా ఆ గడప తొక్కలేదు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు.

దీంట్లో నవ్వులాట ఏందంటే, ఆమె మొగుడు మునుస్వామి పని చేసేది పవర్‌లూములో.

"నేను నేసిన లుంగీ జిల్లా అంతా కడతారు, నా పెండ్లామే ముట్టదు," అంటాడు ఆయన.

"నువ్వు యాడ నేస్తావయ్యా? మిషను నేస్తాది. నువ్వు పక్కన నిలబడి చూస్తావు," అంటాది ఈమె.

ఈ మొండితనం ఊరికే రాలేదు. పొన్నమ్మ నాయన చేతిమగ్గం నేసినోడు. కొనేవాళ్ళు ఏటికేడు తగ్గిపోయి, కడాకు ఒకనాడు మగ్గం గుంతను తన చేతులతోనే మట్టి పోసి పూడ్చేసినాడు. పూడ్చిన చోట మంచం వేసుకొని పడుకున్నాడు. మళ్ళా సరిగ్గా లేవలేదు. నాయన్ను చంపింది రోగం కాదు, కొనకుండా పక్కనుంచి పోయిన జనమే అని పొన్నమ్మ తీర్మానం. అది తప్పని ఆ యమ్మ మొగం మీద చెప్పే మొగోడు ఇంకా పుట్టలేదు.

మొన్న ఆనిమాసం కడాకు, ఆడి నెల పుట్టబోయే ముందు, ఎప్పుడూ తెచ్చినట్టే సీసాలు తెచ్చి దించి, తణికైవేలు పోకుండా వాకిట్లోనే నిలబడినాడు.

"ఏం రా, మొగం అట్లుండాది?"

"అక్కా, ఇంక కొట్టం మూసేస్తా ఉండాను. తిరువళ్ళూరు దారిలో ఒక గోడౌనుకు వాచ్‌మేన్ కావాలంట. కాంట్రాక్టరు ఆడి మొదట్లో వచ్చి చేరమన్నాడు. నా వయసోడికి ఇంక వేరే యాడా పని ఇయ్యరు."

పొన్నమ్మకు నెత్తి మీద పిడుగు పడినట్టయినాది. "నీకేమన్నా పిచ్చి పట్టినాదా? మీ నాయన పెట్టిన కంపెనీ రా! గేటు కాడ కుర్చీ వేసుకొని కూర్చునేదానికా పోతావు?"

"ఎవురు కొంటా ఉండారక్కా? అంగళ్ళోళ్ళకు పెద్ద కంపెనీవాళ్ళు ఫ్రిడ్జి ఊరికే ఇస్తారు. దాంట్లో వాళ్ళ సీసాలే పెట్టాల, నావి పెట్టకూడదు. వెచ్చటి కలర్ ఎవురు తాగతారు? నువ్వు తప్పితే ఇంటికని కొనేవాళ్ళు నాకు ఈ ఊర్లో లేరు."

"ఆడి కృత్తిక పండగ దాకా ఆగు. తిరుత్తణి కొండకు కావడి ఎత్తేదానికి చుట్టాలంతా వస్తారు, ప్రతి ఇల్లూ నిండి పొర్లుతాది. ఈ వీధి వీధంతా నీ కలరే కొనేటట్టు నేను చేస్తాను. ఒకసారి రుచి తగిలితే ఇంక విడవరు."

"మాటలకేమక్కా, అందరూ అంటారు."

"మాట కాదు రా. తాంబూలం ఇచ్చి చెప్తాను."

ఆ మాటకు తణికైవేలు మొగం మారినాది. మారదా మరి! మన దగ్గర తాంబూలమంటే ఆషామాషీ కాదు. పెండ్లి కుదరాలన్నా, ఇల్లు బాడిగకు మాట్లాడాలన్నా, అన్నదమ్ముల తగువు తీరాలన్నా ఆకూ వక్కా చేతులు మారాల. మారినాయంటే మాట పడినట్టే. ఇంక దాన్ని తిప్పేవాడు మనిషి కాదు.

మరుసటి శుక్రవారం పొన్నమ్మ తలంటుకొని, ఎర్రటి నేత చీర కట్టి, పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, అరటిపండ్లు పెట్టుకొని బయలుదేరినాది. కూతురి పెండ్లికి కూడా అంత సోకుగా పిలుపులకు పోలేదు. ఇల్లిల్లూ ఎక్కి బొట్టు పెట్టి, ఆకూ వక్కా చేతిలో పెట్టి, "ఈ కృత్తికకు మీ ఇంటికి కలర్ మన తణికైవేలు దగ్గరే తీసుకోవాల. లేకపోతే వాడు మూసేసి పోతాడు" అని చెప్పినాది.

ఎదురింటి షర్మిల రెండు చేతులా కండ్లకద్దుకొని తీసుకున్నాది. "ఎంత మంచి మనసక్కా నీది! చిన్నప్పుడు గోలీ కోసం సీసా పగలగొట్టి మా నాయన చేతిలో తన్నులు తిన్నాను. అట్లాటి కలర్ ఇప్పుడు యాడ దొరకతాది?" అన్నాది. ప్రతి ఇంట్లో ఇదే పాట. అందరికీ గోలీ సీసా మీద ఒక కథ ఉండాది. అందరికీ తణికైవేలు నాయన జ్ఞాపకముండాడు. పాపం పాపం అన్నారు. ఒకామె కండ్లు కూడా తుడుచుకున్నాది. పొగడ్తకూ కన్నీళ్ళకూ ఖర్చు లేదు గదా!

పొన్నమ్మ ఖాళీ పళ్ళెం ఊపుకుంటా నేరుగా సోడా కొట్టానికి పోయినాది. "ఒక్క ఇల్లు కూడా వద్దనలేదు రా!" అని అరిచినాది.

సీసాలు కడగతా ఉన్న కోకిల తలెత్తి చూసినాది. "వద్దనలేదంటే కావాలన్నట్టేనా అక్కా?"

"ఏం మాటే అది? తాంబూలం తీసుకున్నారు!"

కోకిల మళ్ళా సీసాలు కడిగే పనిలో పడినాది. తణికైవేలు మాత్రం పండగ ముందే వచ్చినట్టు నవ్వినాడు. ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకు ఫోను చేసి, పదిహేను దినాలు ఆగమని అడిగినాడు. ఆగేదానికి నువ్వేమన్నా కలెక్టరువా అని వాడు ఫోను పెట్టేసి, ఇంకొకర్ని చేర్చుకున్నాడు. పోతే పోనీలే అనుకున్నాడు తణికైవేలు. వీధంతా తాంబూలం తీసుకున్నాక ఇంక భయమెందుకు?

ఆ పదిహేను దినాలూ బస్టాండు సందులో మిషను సప్పుడు ఆగలేదు. సీసా పగిలితే గాజు పెంకు కంట్లోకి కొడతాదని తణికైవేలు మొగానికి ఇనుప తీగల జల్లి కట్టుకొని మిషను తిప్పినాడు. నారింజ, ద్రాక్ష, పన్నీరు, నన్నారి, రంగు రంగులుగా పెట్టెలు కొట్టం నిండి బయట పందిట్లోకి వచ్చినాయి. పొన్నమ్మ బడి నుంచి వస్తా వస్తా దినమూ ఒకసారి తొంగి చూసి, తన నాయన మగ్గమే మళ్ళా లేచి నిలబడినట్టు మురిసిపోయినాది.

కృత్తిక వచ్చినాది. పొద్దున్నే వీధంతా పసుపుగుడ్డలు, పూలకావడులు, "అరోహరా" అని కేకలు. ఆరణి నుంచి, చిత్తూరు నుంచి, మెడ్రాసు నుంచి బస్సులు దింపిన చుట్టాలు. పొన్నమ్మ వాకిట్లో ముగ్గు వేసి, సోడా బండి ఎప్పుడు వీధిలోకి వస్తాదా, ఎవురెవురు ఎన్ని దించుకుంటారా అని చూస్తా కూర్చున్నాది. బండి వచ్చినాది. వీధి మొదట్లో నిలబడినాది. తణికైవేలు గంట కొట్టినాడు. ఇంకోసారి కొట్టినాడు. పిల్లకాయలు ఇద్దరు వచ్చి చూసి పోయినారు. ఒక ముసలాయన ఒక నన్నారి తాగి ‘మీ నాయన చేతి రుచే’ అని మెచ్చుకొని పోయినాడు. బండి మెల్లగా కదిలి, ఒక్కో వాకిటి ముందరా ఆగి, కొసదాకా పోయినాది.

పొన్నమ్మకు అరికాలి మంట నెత్తికెక్కినాది. లేచి నేరుగా షర్మిల ఇంట్లోకి పోయినాది. నడింట్లో చుట్టాలు కూర్చొని ఉండారు. మధ్యలో నల్లటి ప్లాస్టిక్ సీసాలు, పెద్దవి, పక్కన కాగితం గ్లాసులు.

"ఏం మే షర్మిలా, ఏందిది?"

షర్మిల ఆమెను చెయ్యి పట్టుకొని వంటింట్లోకి లాక్కొని పోయినాది. "అక్కా, నీకు దండం పెడతాను, మెల్లగా మాట్లాడు. మా ఆడబిడ్డ మెడ్రాసులో ఉండే మనిషి. గోలీ సీసా చూస్తే ఏ నీళ్ళో ఏమో అంటాది. పిల్లోళ్ళు ఇదే అడగతారు. పైగా ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇస్తా ఉండారు."

"తాంబూలం తీసుకున్నావు గదే!"

"తీసుకోకుండా ఎట్లక్కా? ఇంటికొచ్చిన ముత్తైదువ బొట్టు పెట్టి ఆకూ వక్కా ఇస్తే వద్దంటే మంచిదా? నాకే గాదు, ఇంటికే చెరుపు గదా!" షర్మిల అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆశ్చర్యపోతా ఉండాది, ఇంత పెద్ద మనిషికి ఇది తెలియకపోవడమేందని.

తాంబూలం తీసుకుంటే మాట పడినట్టని పొన్నమ్మకు తెలుసు. శుక్రవారంనాడు ముత్తైదువ ఇచ్చిన తాంబూలాన్ని ఎవురూ కాదనరని కూడా పుట్టినప్పట్నుంచీ తెలుసు. రెండూ తెలిసి కూడా ఒకదాన్ని మరిచిపోయినాది. ఆశ అట్లాటిది, కండ్లు తెరిపించినట్టే తెరిపించి గంతలు కడతాది. ఇంకో నాలుగిండ్లు ఎక్కి దిగినాది. యాడ చూసినా అవే నల్ల సీసాలు. ఒకరిద్దరు సిగ్గుకు రెండు గోలీ సీసాలు తీసుకొని దేవుడి పటాల కాడ పెట్టినారు. వీళ్ళందరికీ తణికైవేలు బతకాల, చెయ్యి మాత్రం జోబీలోకి పోకూడదు. కుండలో కూడు కదలకూడదు, బిడ్డలు మాత్రం బొద్దుగా ఉండాల!

ఇంటికి వస్తే ఇంట్లోనూ అదే. కూతురు మోనిషా సెల్‌ఫోన్లు చేసే ఫ్యాక్టరీలో పని చేస్తాది, అత్తగారోళ్ళతో కలిసి వచ్చినాది. సంచిలో నుంచి రెండు నల్ల సీసాలు తీసి బల్ల మీద పెట్టినాది.

"అమ్మా, అట్ల చూడొద్దు. క్యాంటీన్లో పండక్కని ఊరికే ఇచ్చినారు, పారేస్తామా? నీ కలర్లు కూడా పెట్టు, కావాల్సినోళ్ళు కావాల్సింది తాగతారు."

పెట్టినాది. నల్లవి అయిపోయినాయి. గోలీ సీసాలు పెట్టినవి పెట్టినట్టే ఉండినాయి. మునుస్వామి ఒక్కడే పెండ్లాం మొగం చూసి ఒకటి తాగినాడు, రెండోది తాగినాడు, మూడోది కూడా ఎత్తినాడు. "బాగుండాది మే," అన్నాడు తేన్పుకుంటా. ఆయన కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. అది గ్యాసు వల్లేనని పొన్నమ్మ అనుకోలేదు.

మరుదినం మధ్యాన్నం బడిలో గిన్నెలు కడిగి పెట్టేసి సోడా కొట్టానికి పోయినాది. పందిట్లో పెట్టెలు అట్లే ఉండాయి. తణికైవేలు పీట మీద కూర్చొని ఒక్కో సీసా తీసి, గోలీ నొక్కి, కాలవలోకి వంచతా ఉండాడు. కాలవలో నీళ్ళు ఎర్రగా, పచ్చగా, ఊదాగా పోతా ఉండాయి. గట్టు మీద చీమలు బారులు కట్టినాయి.

"ఏం చేస్తా ఉండావు రా!"

"పాతసామాను కొనేవాడు సాయంత్రం వస్తాడక్కా. సీసాలు ఖాళీవైతేనే తీసుకుంటాడంట. మిషను కూడా వాడికే."

"ఆపు రా, ఆపు! అన్నీ నేను కొంటాను. బడి పిల్లకాయలకు పంచుతాను, మిగిలినవి ఇంట్లో పెట్టుకుంటాను. ఆపు రా అంటే!" పొన్నమ్మ రొంటిన దోపుకున్న చిన్న సంచి బయటికి లాగినాది.

తణికైవేలు చేతిలో సీసా కింద పెట్టి లేచినాడు. వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "వద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంక నా దగ్గర కొనొద్దు."

పొన్నమ్మకు అర్థం కాలేదు. ఇంతకాలంలో ఆమెతో కొనొద్దన్నోడు ఎవుడూ లేడు.

"నీకు జ్ఞాపకముండాదో లేదో అక్కా. నాకు అప్పుడు ఇరవై రెండో మూడో. ఫ్యాక్టరీవాళ్ళు ఈ పక్కన పిల్లోళ్ళను చేర్చుకుంటా ఉంటే నాకూ నా జతగాడు జయకుమార్‌కూ ఒకేసారి పిలుపొచ్చినాది. నీకు చెప్పి పోదామని మైసూరుపాకు తీసుకొని మీ ఇంటికి వచ్చినాను. నువ్వు ఏడ్చినావు. ‘మీ నాయన చేతి పని నీతో పోతాదా? మేముండాము గదా రా కొనేదానికి’ అన్నావు. ఆ పొద్దే రెండు పెట్టెలు దించుకున్నావు. నేను నిలిచిపోయినాను. జయకుమార్ పోయినాడు. ఈ పొద్దు వాడు పర్మనెంటు, వాడికి ఇల్లుండాది, బిడ్డ నర్సు చదవతా ఉండాది. నాకు నలభై దాటినాయి. ఏ ఫ్యాక్టరీవాడూ గేటు లోపలికి రానియ్యడు. వాచ్‌మేన్ పని ఒకటి దొరికినాది, అదీ పోయినాది."

పొన్నమ్మకు మొదట ఏమీ గుర్తుకు రాలేదు. ఎందరితోనో ఆమె ఆ మాట అనింది. తర్వాత మైసూరుపాకు పొట్లం గుర్తుకొచ్చినాది, నెయ్యి కారి దాని కాగితం తడిసి ఉండినాది. ఆ పొద్దు తాను ఎంత సంతోషపడినాదో కూడా గుర్తుకొచ్చినాది. ఒక మగ్గాన్ని పూడ్చకుండా కాపాడినాననుకొని ఆ దినం ఆమె కడుపునిండా అన్నం తినింది.

"నేను కొంటానే ఉండాను గదా రా..." అన్నాది.

"కొన్నావక్కా, కొన్నావు. ఒక్క నెల తప్పలేదు. నువ్వొకతివి కొనే దాంతో నేను బతకలేదు. నువ్వు కొంటావు గదా అని విడిచిపెట్టీ పోలేదు. ఊరోళ్ళ మీద నాకు కోపం లేదక్కా. వాళ్ళు కొనకుండా ‘పోరా’ అని ఎప్పుడో చెప్పినారు. నువ్వొకతివే ‘ఉండు’ అన్నావు."

లోపలి నుంచి కోకిల తొంగి కూడా చూడలేదు. తణికైవేలు మళ్ళా పీట మీద కూర్చొని ఇంకో సీసా ఎత్తినాడు. పొన్నమ్మ సంచి రొంటిన దోపుకొని బయటికి వచ్చినాది. నాయన చనిపోయినప్పుడు కూడా ఆమెకు ఇట్లా లేదు. అప్పుడు తప్పు ఊరిది. ఇప్పుడు ఎవుర్ని తిట్టాలో తెలియక, ఏడ్చేదానికి కూడా చేతగాక, తలొంచుకొని నడిచినాది.

వీధి మొదట్లోకి వచ్చేసరికి, "పొన్నక్కా! నీ కోసమే కాచుకొని ఉండాను!" అని కేక. వెదురు బుట్టలల్లే ధనకోటి. పళ్ళిపట్టు పక్కనుంచి నెలకొకసారి చేటలూ బుట్టలూ నెత్తిన పెట్టుకొని వస్తాది. పండగ మరుదినం కూడా ఏమీ అమ్ముడుపోక దించిన మోపు దించినట్టే ఉండాది.

"ఇంట్లో చేటలుండాయి ధనకోటీ," అన్నాది పొన్నమ్మ.

"పాతవి పారెయ్యక్కా. నువ్వు కాకపోతే ఎవురు కొంటారు? ఇదో, ఈ బుట్ట చూడు. ఇది నేనల్లింది కాదు, నా కూతురు కవిప్రియ అల్లింది. ఎంత సన్నంగా ఉండాదో చూడు అల్లిక!"

"కవిప్రియ చదవతా ఉండినాది గదా?"

"ఈ ఏడు మానిపించేసినానక్కా. పది చదివి ఏం ఊడబెరకాల? చేతిలో పనుండాది. కొనేదానికి నువ్వుండావు."

పొన్నమ్మ చెయ్యి అలవాటుకు రొంటి కాడికి పోయినాది. సంచి తగిలినాది. చెయ్యి వెనక్కి తీసుకున్నాది.

"నాకొద్దు. ఇంక ఎప్పుడూ నా కోసం తేవద్దు. బిడ్డను మళ్ళా బడిలో చేర్పించు."

ధనకోటి నవ్వినాది, ఎగతాళి అనుకొని. తర్వాత పొన్నమ్మ మొగం చూసి నవ్వు ఆపేసినాది. "ఏమక్కా, నువ్వు కూడా ప్లాస్టిక్కు కొనేదానికి మొదలు పెట్టినావా?"

"అవును," అన్నాది పొన్నమ్మ. ఆమె బతుకులో అంత పెద్ద అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు.

ధనకోటి కూతురల్లిన బుట్టకు దుమ్ము దులిపి మోపులో పెట్టుకున్నాది. చుట్టకుదురు నెత్తిన సర్దుకున్నాది.

"సరేలే అక్కా. నువ్వు చెప్పినట్టే రేపు బిడ్డను బడికి పంపిస్తాను. ఈ పొద్దు దానికి అన్నం ఎట్ల పెట్టేదో అది కూడా నువ్వే చెప్పి పో."

షర్మిలా, ఆమె ఆడబిడ్డా వాకిట్లో నిలబడి చూస్తా ఉండారు. ధనకోటి పొన్నమ్మ జవాబు కోసం కాచుకొని కాచుకొని, మోపు తనే ఎత్తుకొని, బస్టాండు పక్కకు నడిచినాది.